మైనస్ రెండు ఆంపియర్లు

మా సారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను ధర్మవరంలో ఒక మగ్గాల షెడ్డులో స్విచ్ బోర్డు విప్పుతున్నాను. పని అలాగే వదిలేసి హిందూపురం బస్సెక్కాను. పెనుకొండ దాటాక గాని ఏడుపు రాలేదు.

ఐటీఐలో ఆయన మాకు సర్క్యూట్ లెక్కలు చెప్పారు. రెండు బ్యాటరీలు, ఒకటి ఎనిమిది వోల్టులు, ఇంకొకటి రెండు. వాటి నుంచి కరెంటు ఎటు పోతుందో ముందే ఊహించి బాణాలు గీయమనేవారు. "యా పక్కకన్నా గీయప్పా. తప్పైతే లెక్కే చెప్తాది." ఆ రెండు కరెంట్లను x, y ఆంపియర్లు అనుకుని గీశాను. 3x + 2y = 8, 2x + 3y = 2. x నాలుగు వచ్చింది, y మైనస్ రెండు. కరెంటు మైనస్ ఎట్లా ఉంటుందని ఆ గుర్తును తుడిచేశాను. మా బ్యాచ్‌లో సగం మంది చేసిన ఘనకార్యమే అది.

సారు తిట్టలేదు. "కరెంటు ఎదురొస్తాండాదని అది చెప్తాండాది. దాన్నే తుడిచేస్తే ఇంక నీకు చెప్పేదెవరు?" అన్నారు.

ఆయనకొక అలవాటుండేది. బల్ల మీద పడున్న తెగిన తీగనైనా సరే, టెస్టర్ పెట్టి మెల్లగా అడిగేవారు, "ఏమప్పా, ఉండావా?" మేం నవ్వుకునేవాళ్లం. కానీ జవాబు కోసం ఆయన ఆగే తీరుకు నాకు ఒళ్లు జలదరించేది.

నేను చేరేసరికి సారు వీధంతా కరెంటు లేదు. సారును పడుకోబెట్టిన ఫ్రీజర్ బాక్సు జనరేటర్‌తో నడుస్తోంది. మెయిన్ స్విచ్ దగ్గర స్తంభం నుంచి వచ్చే తీగ ఊడింది, బిగించమన్నారు ఇంట్లోవాళ్లు. స్తంభంలోనే కరెంటు లేదు, తీగలో ఎక్కడిది? చెయ్యి చాపాను. అప్పుడు నా నోట్లోంచే వచ్చింది, నేను అనుకోని మాట: "ఉండావా?"

టెస్టర్ పెట్టాను. ఎర్రగా వెలిగింది.

జనరేటర్ వైరును ఎవరో వరండా ప్లగ్గులో పెట్టారు. కరెంటు స్తంభం నుంచి కాకుండా ఇంట్లోంచి ఎదురొస్తోంది. పరిగెత్తి జనరేటర్ ఆపి, ఆ వైరు పీకేశాను. సారు లేకపోతే ఆ రోజు నేనూ లేను.

బాక్సు మోత ఆగిపోయింది. సారు ముఖం మీది అద్దానికి, ఊపిరి తగిలినట్టు, మెల్లగా ఆవిరి పట్టింది. చల్లటి అద్దం, గాలిలో తేమ, అంతే. నాకు తెలుసు.

జనరేటర్ నుంచి బాక్సుకు నేరుగా వేరే వైరు వేసి, జనరేటర్‌ను లాగి స్టార్ట్ చేసే తాడు చేతిలోకి తీసుకున్నాను. సారు భార్య అద్దం మీంచి చూపు తిప్పలేదు.

"ఇంగ కొంచేపు ఉండనీ నాయనా" అంది.

తాడు పట్టుకుని అలాగే నిలబడ్డాను.