తాత సంక దిగిన చెల్లెలు

చెన్నై కోడంబాక్కంలో మా అమ్మాయి ఇంటి తలుపు తీయగానే కొత్త రబ్బరు వాసన వస్తుంది. హాలంతా రంగురంగుల మెత్తటి చాపలు పరిచి ఉంటాయి. వాటి మీద నా మనవడు బోర్లా పడుకొని, తల ఎత్తి, ఈతగాడిలా కాళ్ళూ చేతులూ ఆడిస్తుంటాడు. ఆ వాసన తగిలినప్పుడల్లా, దానితో ఏ పోలికా లేని ఇంకో నేల నాకు గుర్తుకొస్తుంది. అది పాత చాకలిపేటలో మా ఇంటి ఎర్ర సిమెంటు నేల. అవ్వ కొబ్బరినూనె గుడ్డతో తుడిచి తుడిచి నున్నగా చేసిన ఆ నేల ఎండాకాలంలో వీపుకు చల్లగా తగిలేది, దీపావళి వచ్చే ఐప్పసి నెల వానల్లో చెమ్మగిల్లి అరికాళ్ళకు అంటుకునేది.

వీధి తలుపు నుంచి పెరటి దాకా ఒకటే నడవ, దానికి అటూ ఇటూ గదులు. నాయనకు పప్పుల టోకు వ్యాపారం కాబట్టి ఇంట్లో ఎప్పుడూ గోనెసంచుల వాసన, కందిపప్పు దుమ్ము, వంటింట్లోంచి నువ్వులనూనె కాగుతున్న కమ్మదనం కలిసి తిరుగుతుండేవి. ఆ ఇంట్లో పసిబిడ్డ నేర్చిన ప్రతి కొత్త విద్యకూ ఒక పిండివంట ఉండేది. బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, నడిస్తే అరిసెలు. నడక వచ్చిన బిడ్డను తెల్లటి గుడ్డ మీద పరిచిన అరిసెల మీదుగా నడిపించి, వాటిని వీధిలో అందరికీ పంచేవాళ్ళు. నా అరిసెలు వీధి చివరి దాకా పోయాయని అవ్వ గొప్పగా చెప్పేది.

నా చెల్లెలు రేవతి నెలలు నిండకముందే పుట్టింది. పిడికెడంత ఉండేది. గాలి తగిలితే కందిపోతుందేమోనని ఇంటిల్లిపాదీ దాన్ని ఎత్తుకునే ఉండేవాళ్ళం. అందరికన్నా ఎక్కువ ఎత్తుకున్నది తాత. కొట్టు నాయనకు అప్పజెప్పేశాక ఆయనకు పొద్దు పోవడమే కష్టంగా ఉండేది. రేవతి పుట్టాక పొద్దు చాలేది కాదు. పొద్దున పాలవాడు వచ్చింది మొదలు సాయంత్రం మల్లెపూలమ్మే ఆమె కేక వినిపించేదాకా అది ఆయన సంకలోనే. వీధిలో ఎద్దుబండ్లు, మిల్లు ముందర పిండి పూసుకొన్న మనుషులు, చెరుకురసం బండి గజ్జెలు, అన్నీ చూపించేవాడు. అది వేలు చూపిస్తే చాలు, తాత కాళ్ళు అటు కదిలేవి. తన కాళ్ళు కదపాల్సిన అవసరం ఆ బిడ్డకు ఎప్పుడూ రాలేదు.

బొబ్బట్లూ కుడుములూ ఆలస్యంగానైనా వచ్చాయి. పాయసం మాత్రం రాలేదు. మొదటి పుట్టినరోజు దాటి చాలా కాలమైనా అది పాకలేదు, నిలబడలేదు. కింద కూర్చోబెడితే పిర్రల మీద కొంచెం జరిగి, చేతులు చాచి ఏడ్చేది. ఒక పండగకు వచ్చిన పెరంబూరు అత్త అందరి ముందరా అడిగేసింది.

"ఏం వొదినా, అరిసెలు ఎప్పుడు పెడతావు? మావాడు ఏడాది నిండకముందే వీధిలో పరుగెత్తినాడే!"

అమ్మ నవ్వి, కాఫీ కలపాలని లోపలికి పోయింది. నేను వెనకే వెళ్ళి చూస్తే పొయ్యి ముందు నిలబడి ఉంది, పాలు పొంగిపోతున్నా దించలేదు. ఆ తరవాత రోజూ చెల్లెలి కాళ్ళకు గోరువెచ్చటి నూనె రాస్తూ, ఆ కాళ్ళను తన అరచేతుల్లో పెట్టుకొని చాలాసేపు చూసేది. అమ్మ దేనికి భయపడుతోందో నాకు అర్థమయ్యే వయసే.

చివరికి ఎగ్మూరులో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ రేవతిని చాప మీద కూర్చోబెట్టి బంతి దొర్లించింది, మోకాళ్ళు ముడిచి చాపింది, నడుం పట్టుకొని నిలబెట్టి చూసింది. ముందుగా పుట్టిన బిడ్డ కాబట్టి పుట్టాల్సిన రోజు నుంచి వయసు లెక్కపెట్టుకోమంది. కాళ్ళలో బలం ఉంది, దాన్ని వాడుకోవడానికి నేల కావాలి అంది. వట్టి కాళ్ళతో వదలండి, ఇష్టమైన వస్తువు కాస్త దూరంలో పెట్టండి, ఐప్పసి వానలు వచ్చేలోగా నిలబడకపోతే మళ్ళీ తీసుకురండి, అప్పుడు పరీక్షలు చేద్దాం అంది.

ఎత్తుకోవద్దని మామగారికి చెప్పడానికి అమ్మకు నోరు రాలేదు. అవ్వే చెప్పింది.

"పొద్దస్తమానం సంకనే పెట్టుకోనుంటే దాని కాళ్ళకి పనేడుంటాది? ఈడ నేల మీద ఇడవండి."

"నేల గట్టిది. పడిపోతాదే," అన్నాడు తాత.

"పడనీండి. దాని ఎత్తెంత, అది పడేదెంత?"

తాత పడక కుర్చీని వీధి వైపు తిప్పుకొని కూర్చున్నాడు. వెనక నేల మీద రేవతి చేతులు చాచి ఏడుస్తుంటే లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

మరునాడు పొద్దున ఆయన చేసిన పని చూసి అందరం నిలబడిపోయాం. మోకాళ్ళ నొప్పితో ఏళ్ళుగా కింద కూర్చోలేని మనిషి, స్తంభం పట్టుకొని, మూలుగుతూ, మెల్లగా నేల మీదికి దిగాడు.

"ఎత్తుకోవద్దన్నారు, సరి. పక్కన కూచోవద్దని చెప్పలేదు కదా?" అన్నాడు.

ఆ రోజు నుంచి నడవే వాళ్ళిద్దరి వీధి అయింది. తాత చాపుకొన్న కాళ్ళు దానికి కొండలు. వాటిని ఎక్కి దిగుతూనే పాకడం నేర్చుకుంది. అవ్వ పాయసం వండింది. తాత కళ్ళజోడు లాక్కోవాలని రేవతి ఆయన భుజం పట్టుకొని నిలబడింది. సాయంత్రం తాతా మనవరాలూ ఒకే బల్ల అంచు పట్టుకొని లేచేవాళ్ళు. ఎవరు ముందు లేస్తారా అని మేం చూసేవాళ్ళం; గెలుపు ఎక్కువగా రేవతిదే. నాయన పట్టుకొని నడిచే మూడుచక్రాల చెక్కబండి కొనుక్కొచ్చాడు. అది బిడ్డకన్నా ముందు పరుగెత్తుతుంటే, బరువుకు చిన్న పప్పు మూట కట్టాడు. రేవతి ఎన్నోసార్లు పడింది. పడ్డప్పుడల్లా తాత మొహం చూసేది. ఆయన గాభరా పడకపోతే అదీ ఏడ్చేది కాదు. గాభరా దాచుకోవడం తాతకు ఎంత కష్టమైందో అవ్వకే తెలుసు.

గోకులాష్టమి వచ్చింది. వంటింట్లో గోలీలంత బియ్యప్పిండి ఉండలు, ఉప్పు సీడైలు, నూనెలో చిటపటలాడుతున్నాయి, వెన్న కాచిన వాసన ఇల్లంతా నిండింది. అమ్మ పిడికిలిని తడి బియ్యప్పిండిలో ముంచి, వీధి గుమ్మం నుంచి చిన్నికృష్ణుడి పాదాలు వేసుకుంటూ వంగి లోపలికి వస్తోంది. తాత ఎప్పటిలాగే నేల మీద గోడకు ఆనుకొని ఉన్నాడు. రేవతి ఆయన భుజం పట్టుకొని నిలబడి అమ్మ చేతినే చూస్తోంది. ఎవరూ పిలవలేదు. భుజం వదిలేసి, చేతులు రెండూ పైకెత్తి, ఊగుతూ, ఆ తడి పాదాల మీదే అడుగులు వేసింది. తాత చేతులు తమంతట తామే ముందుకు లేచాయి. మరుక్షణమే వాటిని వెనక్కి లాక్కొని తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు. అమ్మ తలెత్తి చూసేసరికి అది అమ్మ మీద వాలిపోయింది. ముగ్గంతా చెరిగిపోయింది. ఎవరూ మళ్ళీ వేయలేదు.

ఆ వారం అరిసెలు వీధి చివరి దాకానే కాదు, పెరంబూరుకూ వెళ్ళాయి. డబ్బా నిండా అమ్మే సర్దింది.

తాతా అవ్వా పోయి చాలా ఏళ్ళయింది. బిడ్డ పాకిందని పాయసం వండే ఇళ్ళు ఇప్పుడు నాకు తెలిసి ఎక్కువ లేవు. ఈ మధ్య నేనూ రేవతీ ఆ వీధికి వెళ్ళాం. మా ఇల్లు లేదు. అపార్ట్‌మెంట్లు కట్టారు, నడవ ఉండిన చోట బైకులు నిలిపి ఉన్నాయి. రేవతి చెప్పులు విప్పి చేత్తో పట్టుకొని, బైకుల మధ్య సందులోంచి అవతలి గోడ దాకా వెళ్ళి తిరిగి వచ్చింది.

"ఇంతేనా అక్కా? చానా దూరం నడిచినానని చెప్తా ఉంటివే!"

"ఆ పొద్దు నీకది దూరమేలే," అన్నాను.

వాచ్‌మన్ లేచొచ్చి, ఎవరు కావాలని తమిళంలో అడిగాడు. ఎవరూ వద్దు, ఊరికే నడిచి చూసిపోదామని వచ్చాం అని రేవతి తమిళంలో చెప్పింది.