ఇంకో ఇరవై నిమిషాలు

ఆర్విల్ జాస్ట్రోకి ఈ లోకంలో తెలిసిన కొలత ఒక్కటే. ఇరవై నిమిషాలు. మా సరస్సు ఒడ్డున ఉన్న తన సప్పర్ క్లబ్బు అనే భోజనశాలలో అడుగుపెట్టిన ఏ మనిషినీ ఆయన తిన్నగా బల్ల దగ్గరికి పంపిన పాపాన పోలేదు. గోధుమరంగు బో టై సర్దుకుని, చెవి మీది పెన్సిలు తీసి, గుమ్మం దగ్గరి లావుపాటి పుస్తకంలోకి డాక్టరు ఎక్స్‌రేలోకి చూసినంత గంభీరంగా చూసేవాడు.

“ఇంకో ఇరవై నిమిషాలు. ఈలోగా అలా బార్ దగ్గర కూర్చోండి.”

ముందు బార్ దగ్గర చెర్రీ పండు వేసిన ఓ గ్లాసు బ్రాందీ పుచ్చుకుని, ఏం తింటామో అక్కడే చెప్పి, పిలుపొచ్చాక లేచి వెళ్లడం మా విస్కాన్సిన్‌లో అన్ని సప్పర్ క్లబ్బుల్లోనూ ఉన్నదే. కాకపోతే మిగతావాళ్లు బల్లలు నిండితే ఆపుతారు. ఆర్విల్ లోపల ఈగ లేకపోయినా ఆపేవాడు.

ఒకసారి చేపలు పట్టడానికని షికాగో నుంచి ఒకాయన వచ్చాడు. మోటారు చెడిపోయి పడవ మధ్యలో ఆగిపోతే, గంటసేపు తెడ్డు వేసుకుని ఒడ్డుకు చేరాడట. ఆకలి మీదున్నాడు.

“ఏవండీ, బల్లలన్నీ ఖాళీయే కదా?”

“అలా కనిపిస్తాయండీ.”

“కనిపించడమేమిటి? ఖాళీవే!”

“ఇరవై నిమిషాలు.”

పెద్దమనిషి ఎర్రబడ్డ మొహంతో వెళ్లి మా స్టాన్లీ పక్కన కూలబడ్డాడు. స్టాన్లీ పని పడవ మోటార్లు బాగుచేయడం. పిలుపొచ్చేసరికి మోటారు సంగతి తేలిపోయింది, స్టాన్లీ కుక్క పెట్టిన పిల్లల్లో ఒకటి షికాగోకి ఖాయమైంది, ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటున్నారు. తిండి వచ్చిందని వాళ్లకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఇంకోసారి వంటింటి పొగగొట్టం అంటుకుంది. ఫైరింజను వాళ్లు నలుగురు గొట్టాలు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చారు. ఆర్విల్ అలవాటు కొద్దీ పుస్తకం తెరిచాడు.

“నలుగురేనా? ఇంకో ఇరవై...”

“వాళ్లు తినడానికి రాలేదయ్యా మహానుభావా, ఆర్పడానికొచ్చారు!” అని లోపల్నుంచి ఆయన భార్య లోర్నా గరిటెతో సహా ఊడిపడింది. వంటంతా ఆవిడదే. “పెళ్లినాడు చర్చి గుమ్మంలో నన్నూ ఇలాగే నిలబెట్టాడు. అప్పుడే వెనక్కి తిరిగి పోవాల్సింది!”

మంట ఆరిపోయాక ఆ నలుగురూ అక్కడే భోంచేశారు. ఇరవై నిమిషాలు ఆగి.

మా ఆయన నార్బర్ట్‌కి ఇదంతా పెద్ద వేడుక. ప్రతి శుక్రవారం బార్ మీద జేబు గడియారం తీసి పెట్టేవాడు. ఎన్ని నిమిషాలు పడుతుందో చెరో అంకె చెప్పాలి. గెలిచినవాళ్లకి ఓడినవాళ్ల గ్లాసులోని చెర్రీ. ముప్ఫై ఒక్క ఏళ్లు పందెం వేశాం. ఎనిమిది నిమిషాలయ్యాయి, పదమూడయ్యాయి, నలభై అయ్యాయి. ఇరవై మాత్రం ఒక్కనాడూ కాలేదు.

అన్నిటికంటే ఎక్కువ పట్టింది, మేం పోట్లాడుకుని వెళ్లిన రోజు. నాతో మాటమాత్రమైనా అనకుండా, చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టుకునే చెక్కగది ఒకటి కొని తెచ్చి, సరిగ్గా నేను బట్టలారేసే తీగ కింద దింపించాడు. ఆ శుక్రవారం నేనిటు, ఆయనటు తిరిగి కూర్చున్నాం. గడియారం జేబులోంచి రాలేదు. ఆర్విల్ వచ్చి “ఇంకో ఇరవై” అన్నాడు. కాసేపాగి వచ్చి మళ్లీ అదే అన్నాడు. మూడోసారి నాకు ఒళ్లు మండింది.

“ఏమయ్యా, మా ఆయన పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు!”

“మా ఆవిడకి ఆకలేస్తే తలనొప్పొస్తుందని నీకు తెలీదూ?” అని నార్బర్ట్ నాతోపాటే లేచాడు.

ఆర్విల్ పుస్తకంలోకి చూసి, “అరె, మీ బల్ల సిద్ధం!” అన్నాడు.

కడుపు నిండాక ఇంటికెళ్లి ఆ చెక్కగదిని ఇద్దరం కలిసే పక్కకి జరిపాం. ఆర్విల్‌ని తిట్టుకుంటూ.

అక్టోబరులో మా ఆయన పోయాక నేను అటు వెళ్లలేదు. శుక్రవారాలు ఒక గుడ్డు ఉడకబెట్టుకుని పొయ్యి దగ్గర నిలబడే తినేదాన్ని. క్లబ్బులో కిటికీ పక్క మా బల్లకి రెండే కుర్చీలు. రెండోది ఖాళీగా ఉంటే ఎటు చూస్తూ తినాలో నాకు తెలియదు. నలుగురూ నన్ను చూస్తారన్నది ఇంకో భయం. కానీ ఈస్టరు ముందు మాంసం ముట్టని ఉపవాసాల శుక్రవారాలొచ్చాయి, ఊరంతా వేయించిన చేపల మాటే. ఆగలేకపోయాను. ఎవరూ రాని వేళ చూసి సాయంత్రం నాలుగున్నరకే వెళ్లాను.

“ఆర్విల్, నీకు దణ్ణం పెడతాను. ఇవాళొక్కరోజు ఆపకు. ఎవరూ రాకముందే రెండు ముక్కలు తినేసి పోతాను.”

ఆయన బో టై సర్దుకున్నాడు. పుస్తకంలోకి చాలాసేపు చూశాడు. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

“ఇంకో ఇరవై నిమిషాలు, డెలోరిస్.”

ఇంత రాతిగుండె మనిషా అనుకుంటూ, కోటైనా విప్పకుండా బార్ దగ్గర కూర్చున్నాను. అడక్కుండానే బ్రాందీ వచ్చింది. గ్లాసులో చెర్రీలు రెండున్నాయి. ఇంతలో స్టాన్లీ వచ్చాడు. ఇరవై నిమిషాలు. చర్చిలో ఆర్గన్ వాయించే హిల్డా వచ్చింది, వెంట ఇద్దరు తమ్ముళ్లు. వాళ్లకీ ఇరవై నిమిషాలే.

స్టాన్లీ నా గ్లాసు చూసి, “ఇవాళ పందెం ఎంత?” అన్నాడు.

నేను కోటు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

“నార్బ్ ఉంటే పదకొండనేవాడు. ఎప్పుడూ పదకొండే. మొండిఘటం.”

“ముప్ఫై,” అంది హిల్డా.

“యాభై,” అన్నాను. నా నోరే అంది.

“కోటు విప్పని మనిషికి యాభై నిమిషాల సంగతెందుకమ్మా!” అన్నాడు స్టాన్లీ.

కోటు విప్పాను. హిల్డా చిన్న తమ్ముడు ఆ చెక్కగది కథ ఎప్పుడూ వినలేదట. చెప్పాను. బట్టల తీగ దగ్గరికొచ్చేసరికి నాకే నవ్వాగలేదు, బ్రాందీ ముక్కులోకి పోయింది. అప్పుడు పిలిచాడు ఆర్విల్. యాభై ఆరు నిమిషాలు. రెండు చెర్రీలూ నావే.

మా రెండు కుర్చీల బల్ల గోడవారన పూలకుండీ మోస్తోంది. కిటికీ పక్కన గుండ్రటి పెద్ద బల్ల, దానికి అయిదు కుర్చీలు, మధ్యలో పళ్లెం నిండా ముల్లంగి, క్యారట్, ఊరవేసిన దోసకాయ ముక్కలు. మేం అయిదుగురం కూర్చున్నాక ఖాళీ కుర్చీ ఒక్కటీ లేదు.

చేపలు లోర్నాయే పట్టుకొచ్చింది.

“ఇంతసేపా లోర్నా, ఒక బల్ల వేయడానికి?” అన్నాను.

“బల్లలకేం, నాలుగింటికే వేసేస్తాం. ఈయన మనుషులు ఉడికేదాకా ఆగుతాడు.”

ఆర్విల్ చెవులదాకా ఎర్రబడి, “చేపలు మాడుతున్నాయి, లోపలికి పదవే!” అంటూ ఆవిడ వెనకే వంటింట్లోకి పారిపోయాడు.

తినేసి కోటు కోసం గుమ్మం దగ్గరికెళ్లాను. ఆర్విల్ ఇంకా వంటింట్లోంచి బయటపడలేదు. తలుపు తోసుకుని ఒక కుర్ర జంట వచ్చింది. ఆ అమ్మాయి ఇటు గోడ చూస్తోంది, ఆ అబ్బాయి అటు గోడ.

“ఇద్దరికి బల్ల ఉందాండీ?” అన్నాడతను.

నా వెనక సగం హాలు ఖాళీ. ఆర్విల్ పుస్తకం తెరిచాను. పదిహేనేళ్ల కిందటి టెలిఫోన్ డైరెక్టరీ అది. వీలైనంత గంభీరంగా ఒక పేజీ తిప్పాను.

“ఇంకో ఇరవై నిమిషాలు బాబూ,” అన్నాను.