నూర్ బ్యాండు సొంత క్యాసెట్టు

ప్రొద్దుటూరులో పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుకు సొంత పాట ఉందా అని ఎవరూ అడగరు. కొత్త సినిమా పాట వచ్చిందా, రేపటికి వాయిస్తారా, అంతే. నూర్ బ్యాండు నడిపే మక్బూల్‌కు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. ఇరవై ఏళ్ళుగా ఎవరెవరి పాటలో క్లారినెట్లో ఊదీ ఊదీ బుగ్గలు అరిగిపోయాయని భార్య మహమూదా దగ్గర సణిగేవాడు. "బుగ్గలు బాగానే ఉండాయిలే, బియ్యం తే పో" అనేది ఆమె.

ఆ సణుగుడికి మందులా దొరికాడు చెన్నకేశవ. వేముల దగ్గర పల్లెలో గొర్రెలు కాచుకునే మనిషి, పెళ్ళిళ్ళ కాలంలో వచ్చి బ్యాండులో పాడేవాడు. సినిమా పాట పాడమంటే చరణం సగంలో దారి తప్పేవాడు. తన పాట ఎత్తుకున్నాడంటే మాత్రం పీటల మీది పెళ్ళికొడుకు కూడా ఇటు తిరిగేవాడు. మేతకని పోయి తిరిగి రాని మంద మీద, వాన ముఖం చాటేసిన ఏడు మీద, అలిగి పుట్టింటికి పోయిన పెళ్ళాం మీద, అన్నీ తనే కట్టుకున్నవి. చదువు రాదు కనుక ఒక్క ముక్కా కాగితం మీద లేదు. మక్బూల్ వాటికి క్లారినెట్ జత చేశాడు, బ్యాండులో డ్రమ్ము కొట్టే ఓబులేసు దరువు జత చేశాడు. ఎన్నాళ్ళకో ముగ్గురికీ తమదనేది ఒకటి దొరికింది.

అవి పార్టీల పగలు ఊళ్ళను నిలువునా చీల్చేసిన రోజులు. చెన్నకేశవ ఊరు ఒక పార్టీ, జమ్మలమడుగు వైపు కొన్ని ఊళ్ళు దానికి బద్ధ శత్రువులు. ఒక ఊరి మనిషి ఇంకో ఊరి టీ అంగట్లో కూర్చోడానికి లేదు. బ్యాండు వాళ్ళకు మాత్రం రెండు వైపులా దారి ఉండేది. పెళ్ళి ఎవరిదైనా వాయించేవాడు కావాలి కదా. దానికి ఒక్కటే షరతు, ఈ ఊరి మాట ఆ ఊరికి మోయకూడదు.

స్టూడియోకు పోయే స్తోమత లేదు. మక్బూల్ బావమరిది కువైట్ నుంచి తెచ్చిన టేపురికార్డరు ఉంది. జమ్మలమడుగు దగ్గర ఒక తిరునాళలో వాళ్ళు పాడుతుంటే, స్టేజీ మీద దాన్ని పెట్టి, పాడింది పాడినట్టు పట్టేశారు. జనం ఊగిపోయారు. మూడో పాటకు ఆ ఊరి పార్టీ పెద్దాయన లేచి వచ్చి చెన్నకేశవకు శాలువా కప్పాడు. శాలువా కప్పిన చేతిని మైకులో పొగడటం అక్కడి ఆనవాయితీ, పొగడకపోతే కప్పినవాడు దాన్ని అవమానంగా తీసుకుంటాడు. చెన్నకేశవ ఆయన పేరు పలికి, "ఎదురులేని మొనగాడు, మనకు దేవుడు" అన్నాడు. చప్పట్లు ఎంతసేపటికీ ఆగలేదు.

"మామా, ఆ పొగడ్త కోసేద్దాం" అన్నాడు ఓబులేసు తర్వాత మక్బూల్‌తో.

"కోస్తే చప్పట్లు కూడా పోతాయి కదప్పా. చప్పట్లు లేకుంటే ఇంట్లో కూర్చొని ఊదుకున్నారంటారు."

ఇరవై ఏళ్ళు ఊరి మాట ఊరు దాటించని మనిషి, సొంత చప్పట్ల మీద ఆశతో అలా తప్పులో కాలేశాడు. నాకైతే ఇప్పటికీ అతని మీద కోపం, జాలి రెండూ ఉన్నాయి.

కాపీలు తీయించి అంగళ్ళలో పెడితే క్యాసెట్టు బాగానే అమ్ముడుపోయింది. చాపాడులో, వీరపునాయునిపల్లెలో అంగళ్ళలో మోగింది. పులివెందుల బస్సులో డ్రైవరు పెట్టాడు. అలా మోగుతూ మోగుతూ చెన్నకేశవ సొంత ఊరికి చేరింది. మర్నాడే అతని భార్య అంకాలమ్మ ప్రొద్దుటూరు వచ్చి మక్బూల్ గడపలో కూలబడింది.

"ఎదురులేనోని దగ్గరే ఉండమను, ఊర్లోకి వస్తే కాళ్ళుండవు అని మా ఊరి పార్టీవోళ్ళు చెప్పిపోయినారు. పాటలు మీకు దక్కె, మాకు కొంప పోతాంది అన్నా."

చెన్నకేశవ నాలుగు రోజులు మక్బూల్ అరుగు మీదే కూర్చున్నాడు. అన్నం పెడితే కెలికి లేచేవాడు. "గొర్లు నన్ను తప్ప ఇంకొకర్ని దగ్గరికి రానీవు మామా" అన్నాడు ఒక్కసారి. ఐదో రోజు మక్బూల్ అంగళ్ళలో మిగిలిన క్యాసెట్లన్నీ సంచిలో వేసుకొని, తిరునాళలో పట్టిన అసలుదీ టేపురికార్డరూ తీసుకొని, అతన్ని వెంటబెట్టుకొని అతని ఊరి పార్టీ నాయకుడి ఇంటికి పోయాడు.

నాయకుడు కేకలేయలేదు. క్యాసెట్టు పెట్టమని రెండు వైపులా ఓపిగ్గా విన్నాడు. గొర్రెల పాట దగ్గర కాలు కూడా ఆడించాడు.

"పాటలు శానా బాగుండాయి" అన్నాడు.

"ఆ పేరొక్కటీ తుడిచేస్తానన్నా" అన్నాడు మక్బూల్.

"పేరు తీసేస్తే ఆడ ఎవరి పేరుండెనో అడగని నాకొడుకు ఉంటాడా? అన్నీ పోవాల."

సంచిలోవి వాకిట్లో కుప్పపోసి అంటించారు. అసలుది కూడా వేయబోతుంటే మక్బూల్ చెయ్యి అడ్డం పెట్టాడు. మంచి క్యాసెట్టు, తుడిచేసి ఇంకోదానికి వాడుకుంటానని బతిమాలాడు. ఎక్కడో ఒక ముక్క మిగలకపోతుందా అని లోపల ఆశ.

"ఈడనే తుడువు, నా ముందర."

రికార్డు మీట నొక్కాడు మక్బూల్. పాత పాట మీద కొత్త చప్పుడు ఎక్కితేనే అది పోతుంది, రెండు వైపులా తుడవడానికి పాడినంత సేపూ పడుతుంది. నాయకుడు దాన్ని పట్టించుకోకుండా తన మనుషులతో మాట్లాడుకున్నాడు. కాఫీ తెప్పించుకున్నాడు, ఎన్నికల లెక్కలేవో చెప్పాడు, నవ్వాడు. చెన్నకేశవ అరుగు కింద చేతులు కట్టుకొని, నాయకుడి ప్రతి మాటకూ ఊ కొడుతూ నిలబడ్డాడు. అయిపోయాక నాయకుడు అతన్ని ఇంటికి పొమ్మన్నాడు, ఇంక బ్యాండు జోలికి పోవద్దన్నాడు. అతను మక్బూల్ వైపు చూడకుండానే వీధి మలుపు తిరిగిపోయాడు.

మక్బూల్ ఇల్లు చేరి తలుపు దగ్గరేసి క్యాసెట్టు పెట్టాడు. మొదటి వైపు పాట ముక్క ఒక్కటీ లేదు. కాఫీలో చక్కెర చాల్లేదంటున్న నాయకుడి గొంతు ఉంది. మనుషుల నవ్వులు ఉన్నాయి. ప్రతి మాట వెనకా, దూరంగా, ఒక సన్నని గొంతు. "అవునన్నా." కాసేపటికి మళ్ళీ, "మీరు చెప్పినట్లేనన్నా." తిరునాళలో అంత మందిని ఊపిన గొంతు అదే. మక్బూల్‌కు ఏడుపొచ్చింది.

"ఏమన్నా మిగిలిందా?" అని అడిగింది మహమూదా వంటింట్లోంచి.

"చెన్నకేశవ ఉండాడు" అని, మక్బూల్ క్యాసెట్టు రెండో వైపు తిప్పి పెట్టాడు.