రెండో దెబ్బ

ఆ ఇంట్లో ఎవరూ తలుపు తట్టరు. వీధి తలుపు పగలంతా బార్లా తెరిచే ఉంటుంది. బాత్రూమ్‌లో ఎవరైనా ఉన్నారేమోనని అనుమానం వస్తే నోటితో పిలుస్తారు. ఇల్లాలు గిన్నె దించేటప్పుడు కింద గుడ్డ మడతపెట్టి వేస్తుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు, ఇదేం చోద్యమమ్మా, లోపల పసివాడు నిద్రపోతున్నాడా అని అడుగుతారు. పసివాళ్లెవరూ లేరు. ఉన్నది యాభైకి దగ్గరపడుతున్న ఒక మాజీ టిప్పర్ డ్రైవరు. ఎక్కడైనా చెక్క మీదో రేకు మీదో అరచెయ్యి పడిన చప్పుడైతే చాలు, అక్కడ బ్రేకు ఉన్నట్టు ఆయన కుడికాలు నేలను తొక్కేస్తుంది. ఒళ్లంతా చెమటలు పడతాయి. ఆ పూటకిక మనిషి మనిషి కాదు.

ఒకప్పుడు కంకర క్రషర్లో అందరూ ఆయన్ని బావ అనేవారు, మేనేజరుతో సహా. బండికి క్లీనరుగా చేరినవాడు భార్యకు సొంత తమ్ముడు. వాడి నోట "బావా, బావా" అని విని విని అందరికీ అదే అలవాటైపోయింది. ఆ బావమరిది ఆరడుగుల మనిషి కాబట్టి సహజంగానే వాడి పేరు పొట్టోడు. చిన్నప్పుడే తల్లి పోతే అక్కే పెంచింది. పెళ్లయి వస్తూ వాణ్ణీ వెంటబెట్టుకొచ్చింది. నాకు కట్నంగా ఈ ఆకలిరాయుణ్ణిచ్చారని బావ ఏడిపించేవాడు.

బావకూ బావమరిదికీ ఒక సొంత భాష ఉండేది. టిప్పర్ వెనక్కి వస్తున్నప్పుడు పొట్టోడు వెనక నిలబడి, కంకర నింపే రేకు డబ్బా మీద అరచేత్తో కొట్టేవాడు. రెండు దెబ్బలంటే రా. ఒక్కటంటే ఆగు. ఇంజను రొదలో మాట వినపడదు, అద్దాల్లో దుమ్ము తప్ప మరేమీ కనపడదు. మిగతా డ్రైవర్లు ఈలలు వేయించుకునేవారు. "నాకు మావాడి చెయ్యి చాలు, నిద్రలో కూడా తెలుస్తుంది" అని బావ గొప్పలు పోయేవాడు.

ఆ రోజు సగం లేచిన గోడ పక్కన కంకర దింపాలి. గోడకూ బండికీ మధ్య ఎవరో తోపుడు బండి వదిలేశారు. దాన్ని లాగెయ్యడానికి పొట్టోడు ఆ సందులోకి వెళ్లాడు. ప్రాణాలతో బయటికి రాలేదు. తర్వాత ఏం జరిగిందో విచారణలో బావ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"వినపడలేదు."

అందరూ నమ్మారు. అక్క కూడా నమ్మింది. పాత ఇంజన్ని తిట్టింది, బాగుచేయించని యజమానిని తిట్టింది, గోడ కట్టినవాళ్లనూ వదల్లేదు. మొగుణ్ణి మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆయన్ని లోపల్లోపల తినేసింది. పొట్టోడి ఫొటో గోడ మీంచి తీసి బీరువాలో పెట్టాడు. ఎవరైనా వాడి ఊసెత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. స్టీరింగు ముట్టుకోవడం మానేసి ఓ సర్వీస్ సెంటర్లో కార్లు కడిగే పనికి కుదిరాడు. నీళ్ల మోటారు హోరులో ఇంకేమీ వినపడదని ఆయన ఆశ. అక్కడా ఒక పెద్దమనిషి, కారు తళతళలాడుతోందని మురిసిపోయి టాపు మీద రెండుసార్లు చరిచాడు. బావ ఆ నీళ్లలోనే కూలబడిపోయాడు.

ఆ సాయంత్రం భార్య ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నా తమ్ముడు పోయాడు. వాడి మాట కూడా ఈ ఇంట్లోంచి పోవాలా? పోనీ నువ్వైనా మిగిలావా అంటే అదీ లేదు. మీ సర్వీస్ సెంటర్‌వాళ్లు చెప్పిన ఆ కౌన్సిలింగ్ ఆవిడ దగ్గరికి వెళ్తావా, నన్ను మా పిన్ని దగ్గరికి వెళ్లిపొమ్మంటావా?"

కళ్లజోళ్ల దుకాణం మీద, మేడ మెట్లెక్కితే ఆ గది. మంచం, మత్తుసూదులు ఉంటాయనుకుని గుండె చిక్కబట్టుకుని వెళ్లాడు. రెండు కుర్చీలు, ఒక బల్ల, కిటికీ, అంతే. కూర్చున్నావిడకు కూతురి వయసుంటుంది. ఈ పిల్లకేం తెలుసులే అనుకుని, వెళ్లినప్పుడల్లా గేరుబాక్సు గురించీ క్లచ్ ప్లేట్ల గురించీ చెప్పుకొచ్చాడు. ఆవిడ విసుక్కోకుండా వింది. ఈపాటికి ఈవిడకు హెవీ లైసెన్సు ఇచ్చెయ్యొచ్చని ఆయనకే నవ్వొచ్చింది.

ఆవిడ ముందుగా నేర్పింది చాలా చిన్న సంగతి. అరికాళ్లు నేలకు ఆనించడం, శ్వాస నిదానంగా వదలడం, గదిలో కనపడేవాటి పేర్లు పైకి చెప్పడం. బల్ల, కిటికీ, సీలింగ్ ఫ్యాను. తర్వాత బల్ల మీద వేలితో తట్టడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు తడతాను. ఒక్కసారే. వద్దంటే ఆపేస్తాను."

చాలాసార్లు వద్దన్నాడు. ఆవిడ ప్రతిసారీ ఆపింది. అలా ఆపడం ఆయనకు వింతగా తోచింది. కొన్నాళ్లకు వేలు పోయి అరచెయ్యి వచ్చింది. ఒకటి ఓర్చుకోగలిగాడు. అడిగి, ఒప్పించి, ఆవిడ రెండు కొట్టిన రోజున మాత్రం ఆయన కుర్చీలోంచి లేచి అరిచేశాడు.

"వాడు ఆగమన్నాడమ్మా!"

ఆవిడ చెయ్యి తీసేసింది.

"వినపడింది. ఒకటి కొట్టాడు, నేను బ్రేకు మీదికి కాలు తెచ్చాను. బండి ఇంకా జరుగుతానే ఉంది. వాడికి భయమేసి ఇంకోటి కొట్టాడు. రెండైనాయి కదా. రెండంటే రా. నేను కాలు తీసేశాను. ఇంకా వెనక్కి వచ్చాను."

నీ తప్పేం లేదని ఆవిడ అంటే బావ లేచి వెళ్లిపోయేవాడే. ఆవిడ అలా అనలేదు. "మళ్లీ చెప్పండి, మొదటినుంచి" అంది. ఆ వారమే కాదు, వచ్చిన ప్రతివారమూ అదే. పచ్చిపుండు మీద కారం చల్లుతోందని ఆయన ఇంటికొచ్చి పళ్లు కొరికేవాడు, మళ్లీ వారానికి మెట్లెక్కేవాడు. చెప్పగా చెప్పగా వణుకు తగ్గింది, బాధ అలాగే ఉంది. ఒకరోజు ఆవిడ, మొదటి దెబ్బకీ రెండోదానికీ మధ్య ఎంతసేపు అని అడిగింది. ఆయన తన చేత్తోనే బల్ల మీద కొట్టి చూపించాడు.

"అంత కొంచెంలో మీరు ఇంకేం అనుకోగలిగేవారు?"

బావ వెక్కి వెక్కి ఏడ్చాడు. పొట్టోడు పోయాక ఆయన ఏడవడం అదే మొదలు. తేరుకున్నాక, మా ఆవిడకి చెప్పాలా అని అడిగాడు.

"అది మీ ఇష్టం. చెప్తే ఏమవుతుందో నేను మాటివ్వలేను."

సెలవురోజు పొద్దున భార్య మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. బావ గుమ్మంలో నిలబడి అంతా చెప్పాడు, మొదటినుంచి. ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. దాన్ని మంచం మీద పడేసింది. లేచి వచ్చి, ఆయన్ని గుమ్మం అవతలికి నెట్టి, తలుపు మూసి గడియ పెట్టుకుంది. చాలాకాలంగా ఆ గడియ ఎవరూ వెయ్యలేదు. బిగుసుకుపోయి కిర్రుమంది.

పిలిచాడు. లోపల బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది. పిన్ని ఊరికి బట్టలు సర్దుకుంటోందనుకున్నాడు. అరికాళ్లు నేలకు ఆనించాడు. గోడ, గడప, చెప్పులు. చెయ్యెత్తి తలుపు మీద ఒకటి కొట్టాడు. కుడికాలు నేలను నొక్కింది, నొక్కనిచ్చాడు. చాలాసేపటికి రెండోది కొట్టాడు.

లోపలి నుంచి ఆవిడ గొంతు తలుపుకు ఆనుకునే వచ్చింది.

"వాడి ఫొటో తీశాను. చూస్తున్నాను."

బావ అరచెయ్యి తలుపు మీదే ఉంచాడు.

"ఇప్పుడు నీ మొహం చూడలేను. తలుపు తియ్యలేను." ఆవిడ ముక్కు ఎగబీల్చింది. "నువ్వు మాత్రం ఎక్కడికీ పోకు. అక్కడే కూర్చో."

బావ తలుపుకు వీపు ఆనించి అక్కడే కూర్చున్నాడు.