మూల మీద తూకం

"అక్కడికెళ్లాక నా ఉద్యోగం పోయి, అదే వారంలో పాపకి ఆయాసమొస్తే?"

ఎవరినీ అడిగిన ప్రశ్న కాదది. మందుల కంపెనీ తూకాల గదిలో కూర్చున్న కెమిస్టు నోట్లోంచి జారిపడింది. ఎదురుగా కాటాల మేస్త్రీ పట్టకారుతో చిన్న తూకపురాయిని కాటా పళ్లెంలో పెట్టి, అంకె ఎప్పుడు నిలుస్తుందా అని చూస్తున్నాడు. అది నిలవడం లేదు.

"ముందు ఆ కాలు ఆపమ్మాయ్. నీ కాలు ఊగితే బల్ల ఊగుతోంది, బల్ల ఊగితే అంకె ఊగుతోంది. పాపం, దీనికి జబ్బని రాసేయమంటావా?"

ఆమె కాలు ఆపింది. అంకె నిలిచింది.

కాటాలు సరిచూడ్డానికి ఆయన ఆరు నెలలకోసారి వస్తాడు. ముక్కు మీదికి జారే కళ్లజోడు, మెత్తటి గుడ్డ పరిచిన చెక్కపెట్టె, అందులో రాళ్లు. చేతి చెమట కూడా తూగుతుందని వాటిని వేలితో ముట్టుకోడు. అల్లుడికి కూడా అంత మర్యాద చేసి ఉండడని కంపెనీలో అందరూ నవ్వుకుంటారు.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడికెళ్లాక?"

చెప్పింది. ఏడాది చివరికి ఈ ప్రయోగశాల మూతపడుతుంది. కూతురికి మూడేళ్లు, చల్లగాలి తగిలితే ఛాతీలో పిల్లికూతలు. భార్యాభర్తలు ఆరు దేశాలకు పట్టిక వేశారు. జీతం, పన్ను, బడి, గాలి, మొత్తం పదకొండు గడులు. అందులో మొదట నిలిచిన దేశంలో నిరుడే ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు వస్తూనే ఆంక్షలన్నీ ఎత్తేసి, మార్కెట్లు బార్లా తెరిచారు. తొమ్మిది రోజుల్లో పని అనుమతి ఇస్తున్నారు. అక్కడి కంపెనీ ఒకటి ఆమెకి ఉద్యోగం ఇస్తానంది, శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. "రైలు కదలకముందే ఎక్కాలి" అని భర్త తొందర.

మేస్త్రీ పట్టిక అడిగి తీసుకుని, కళ్లజోడు పైకి తోసుకుని చదివాడు.

"శుభ్రంగా తూచావు. కాకపోతే అన్నీ నడుమ పెట్టే తూచావు."

పళ్లెం నడుమ ఉన్న రాయిని పట్టకారుతో ఓ మూలకి జరిపాడు. చివరి అంకె మారింది. ఇంకో మూలకి జరిపాడు. ఇంకాస్త మారింది.

"నడుమ పెడితే ప్రతి కాటా బుద్ధిమంతురాలే, అమ్మాయ్. దాని బుద్ధి బయటపడేది మూల మీదే. నేను ఇది కాటా దగ్గర నేర్చుకుని, బతుకు దగ్గర మర్చిపోయాను."

పుట్టిన దేశంలో కొట్టు పెట్టుకోవడానికి లైసెన్సు కోసం నాలుగేళ్లు తిరిగాడట. "చెప్పులు అరిగాయి గానీ ఫైలు కదల్లేదు." అంతలో పక్క దేశంలో ప్రభుత్వం మారి, ఎవరైనా వచ్చి వ్యాపారం చేసుకోవచ్చన్నారు. వెళ్లిన వారానికే బోర్డు కట్టాడు. వీధికి పది కొత్త దుకాణాలు, దుకాణానికో కాటా.

"మూడేళ్లు అన్నం తినే తీరిక లేదు. అబద్ధమెందుకు, అంత బాగా మళ్లీ ఎప్పుడూ బతకలేదు."

"మరెందుకొచ్చేశారు బాబాయ్?"

"నాలుగో ఏడు పెద్ద కాటా జారి మణికట్టు మీద పడింది. ఐదు నెలలు కొట్టు మూసేశాను. కొట్టు నడిస్తేనే అక్కడ ఉండే హక్కు. పది వారాల్లో పొమ్మన్నారు. అప్పటికి మా ఆవిడకి ఏడో నెల. ఎవరూ మోసం చెయ్యలేదమ్మా, అంతా ముందే కాగితంలో ఉంది. చదివిన రోజున నేను నడుమ పెట్టిన రాయిని. ఒంటరివాణ్ణి, ఒంట్లో నలత లేదు. ఆ షరతు నాకోసం కాదనుకున్నా."

"అయితే ఆ పాత పద్ధతే నయమంటారా?"

"చెప్పులరిగినవాణ్ణి, ఆ మాట నేనెందుకంటాను? తలుపు తెరిచినవాడు మంచివాడే. నువ్వు పడిపోయిన రోజున అదే తలుపు నిన్ను ఎటు తోస్తుందో చూసుకోమంటున్నా."

ఈ ఊళ్లో స్థిరపడేముందు ఆయన ఆ పనే చేశాడట. మూడు రోజులు ఇక్కడి ఆసుపత్రి వరండాలో కూర్చుని, పని పోయినవాళ్లని పలకరించాడు.

ఆ మధ్యాహ్నమే ఆమె కొత్త కంపెనీకి ఫోన్ చేసింది. వాళ్లు సంతోషంగా ఉన్న ఇద్దరు మేనేజర్ల నంబర్లిచ్చారు. నిరుడు ఉద్యోగం పోయినవాళ్ల నంబరు కావాలని అడిగితే కుదరదన్నారు. ఆ మేనేజర్లలో ఒకావిడ జాలిపడి ఒక నంబరు ఇచ్చింది.

"ఊరు బంగారం," అంది అవతలి గొంతు. "వీధి చివరే ఆసుపత్రి, ఫోన్ చేస్తే గంటలో డాక్టరు. ఉద్యోగం పోతే ముప్పై రోజులుండొచ్చు. బీమా మాత్రం ఆ సాయంత్రమే ఆగిపోతుంది. మా బాబు మందు కోసం ఆ నెలంతా పరిగెత్తాను."

బుధవారం, గురువారం మిగతా దేశాలకూ అలాగే ఫోన్లు చేసింది. మూడో స్థానంలో ఉన్న దేశం అనుమతి ఇవ్వడానికి ఏడు నెలలు తీసుకుంటుంది. కానీ ఉద్యోగం పోయినా ఏడాది ఉండనిస్తుంది, పిల్లల వైద్యం ఆపదు.

"మూడో ర్యాంకు దేశానికా?" అన్నాడు భర్త.

"మూలల మీద తూస్తే ఇదే మొదటిది."

"ఏడు నెలలంటే, మధ్యలో ఇంటద్దె ఎవరు కడతారు, ఆ మేస్త్రీనా?"

శుక్రవారం ఉదయం ఆమె మొదటి దేశానికి రానని రాసేసింది. భర్త రెండు రోజులు ఇంటద్దె లెక్కలు వేసి, మూడో రోజున ఆ మూడో దేశపు భాష పాఠాలు మొదలుపెట్టాడు.

ప్రయోగశాల మూసేముందు మేస్త్రీ చివరిసారి వచ్చినప్పుడు ఆమె సంగతంతా చెప్పింది. మెచ్చుకుంటాడనుకుంది. ఆయన పెట్టె మూత బిగిస్తూ బల్ల కిందికి చూశాడు. ఆమె కాలు ఊగుతూనే ఉంది.

"ఊగనీలే, ఇప్పుడు కాటా లేదుగా," అన్నాడు.

కొత్త దేశం వచ్చి రెండేళ్లయింది. ఆరు నెలలకోసారి ఆమె ఒకరోజు సెలవు పెట్టి, ఉండే హక్కు కాగితాలు మళ్లీ చదువుతుంది. మారిన నిబంధనల కింద గీత గీస్తుంది. పాప మందు ఉద్యోగం లేనివాళ్లకి ఎలా దొరుకుతోందో మందులషాపులో కనుక్కుంటుంది. ప్రయోగశాలలో ఆ చివరి రోజున గుమ్మం దాటుతూ మేస్త్రీ చెప్పింది ఇదే:

"ఒకసారి సరిచూశానని ధీమాగా ఉండకమ్మా. కాటా చెప్పి చెడిపోదు. ఆరు నెలలకోసారి, అంతా బాగున్నప్పుడే, మూలలు చూసుకుంటూ ఉండు."