జెట్టీ మీద కొబ్బరిమట్ట

గురువారం పొద్దున్న టెక్కలిలో కొట్టు తెరుస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "మీ మావ ఎలిపోనాడే అమ్మీ" అంది. సగం ఎత్తిన షట్టరు దించేసి ఊరికి బస్సెక్కాను.

మావ అమ్మకు తమ్ముడు. మా రేవులో పడవలు ఆగే చెక్క జెట్టీని బాగుచేసే వడ్రంగి. ఉద్దానం మనిషి, పోయింది కిడ్నీ జబ్బుతో. ఆ మాట వింటే మా వైపు ఎవరూ ఆశ్చర్యపోరు, అదే నాకు మంట.

నా చిన్నప్పుడు అమ్మ చేపల గంపతో వస్తుంటే ఆ జెట్టీ చెక్క పుటుక్కున విరిగింది. అమ్మ కాలు తొడ దాకా దిగబడిపోయింది. ఎముక అతికింది గానీ కుంటు పోలేదు. అమ్మ మళ్లీ జెట్టీ ఎక్కలేదు. అంతవరకూ పడవలు చేసే మావ అప్పటినుంచి జెట్టీనే పట్టుకున్నాడు.

"పైకి నున్నగానే ఉంటాది, లోపల పురుగు తినేత్తాది. అచ్చం మనూరోళ్ల లాగే" అని నవ్వేవాడు.

పాడైన చెక్క మీద అడ్డంగా కొబ్బరిమట్ట పెట్టేవాడు. చెక్క మార్చాక నిండు గంప నెత్తికెత్తుకుని, తానే ముందు దాని మీద నిలబడి ఊగి చూసేవాడు. అప్పుడే మట్ట తీసేవాడు. ఆడవాళ్లు ఒకటే వేళాకోళం.

"ఏటి మావా, బేరానికెల్తన్నావా?"

"మీరు మోసే బరువు నానూ మొయ్యాల గదే!"

మావ మట్ట తీయందే ఎవరూ అటు దాటేవారు కాదు.

"అప్పా, ఓపాలి ఎక్కే" అని అమ్మను ఎంత బతిమాలేవాడో. "రెండో కాలైనా ఉండనీరా" అనేది అమ్మ. చిన్నబోయేవాడు. మర్నాడు మళ్లీ అడిగేవాడు.

పలాసలో డయాలసిస్ మొదలయ్యాక, సూదులు గుచ్చే చేత్తో బరువెత్తొద్దన్నారు, తడపొద్దన్నారు. విన్నాడా? ఆ చేతికి పాలితిన్ సంచి చుట్టుకుని నీళ్లలోకి దిగేవాడు. నేను తిడితే, "వేట మొదలైపోతాది, పడవలొచ్చేత్తాయి. సెయ్యి దాసుకుని ఏటి సేత్తానే?" అన్నాడు. ఆ మొండితనం మీద నాకు ఇప్పటికీ కోపమే.

చివరగా మార్చిన చెక్క, అమ్మ కాలు దిగబడిన చోటిదే. బుధవారం సాయంత్రం బిగించాడు. గంప ఎత్తబోతే చేతులు లేవలేదట. "రేపు తొక్కి తీసేత్తాను" అని మట్ట అలాగే ఉంచి ఇంటికెళ్లి పడుకున్నాడు.

నిషేధం గడువు తీరి చేపల వేట మొదలైంది. కొత్త చెక్క, కొత్త బోల్టులు, అందరూ ఎరిగిన పనితనం. అయినా ఒక్కరూ దాటలేదు. "మావ తొక్కనేదు గదా" అంటూ ఆడవాళ్లు రొమ్ముల్లోతు నీళ్లలో దిగి పడవల దగ్గర గంపలు అందుకున్నారు. జెట్టీ మీద మట్ట ఎండిపోతూనే ఉంది.

పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ ఎవరినో అడిగి నిండు గంప నెత్తికెత్తించుకుంది. కుంటుకుంటూ జెట్టీ ఎక్కింది. నేను అరిచాను, వినలేదు. మట్ట దగ్గర ఆగి, దాన్ని కాలితో నీళ్లలోకి తోసేసింది. ముందు కుంటికాలు పెట్టింది. తరవాత రెండోది. తమ్ముడిలాగే కిందికీ పైకీ ఊగింది. గంపలోంచి ఉప్పునీళ్లు ముఖం మీదుగా కారుతున్నాయి.

"కదల్నేదురా తమ్ముడా" అంది, ఎవరూ లేని నీళ్లకేసి చూస్తూ.

ఎండిన మట్ట కాసేపు గుంజలకు తగులుతూ తేలింది. తరవాత వెనక్కి తీసే ఆటు నీటితో పాటు సముద్రంలోకి వెళ్లిపోయింది.