అక్టోబరు నుంచి లూజు

కంకిపాడు దగ్గర చెరకు తోటల మధ్య పెరిగినదాన్ని. చెరకును పట్టి పీడించే ఎర్రకుళ్ళు తెగులు మీద పరిశోధన చెయ్యాలని నాకు కోరిక. డెబ్బైల్లో విజయవాడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా ఉండేదాన్ని. లైబ్రరీలో పాత పత్రిక తిరగేస్తుంటే, మొక్కల తెగుళ్ళ మీద పనిచేసే స్విట్జర్లాండు ప్రొఫెసరు ఒకాయన చిరునామా దొరికింది. డాక్టరేటుకు చేర్చుకోమని, జీతం ఇస్తే తప్ప రాలేనని ఇంగ్లీషులో ఉత్తరం రాసి, మా హెడ్ గారికి చూపించాను.

"జర్మన్ కూడా వచ్చని ఒక ముక్క తగిలించమ్మా. అక్కణ్ణుంచి వచ్చి ఎవడు పరీక్ష పెడతాడు?" అన్నారాయన.

తగిలించాను. రెండు నెలలకు జవాబు వచ్చింది, జర్మన్‌లో.

కాలేజీలో జర్మన్ నిఘంటువు ఉంది గాని, సగం నుంచి చివరిదాకా చెదలు తినేశాయి. మిగిలిన సగంతో నేను గౌరవనీయురాలినని మాత్రం తెలిసింది. ఆటోనగర్‌లో డీజిల్ పంపులు బాగుచేసే మేస్త్రి జర్మనీ పుస్తకాలు చూసి పని చేస్తాడని ఎవరో చెబితే, నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను.

మేస్త్రి చేతులు రెండుసార్లు కిరోసిన్‌తో కడుక్కుని, ఉత్తరాన్ని అంచులు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇక్కడ 'ష్టెల్లె' అని ఉందండి. అంటే చోటు. పంపు పుస్తకంలో పేజీ పేజీకీ వస్తుందిది. పక్కన 'ఫ్రై' అంటున్నాడు. అంటే బిగువు లేదని. అక్టోబరు నుంచి ఆయన దగ్గర ఏదో చోట లూజుగా ఉందండి."

"ఇంతకీ మా అమ్మాయిని తీసుకుంటారా?" అని అడిగాడు నాన్న.

"ఆ సంగతి నాకు కనపళ్ళేదండి. ముందు లూజు విషయం కనుక్కోండి."

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. ఆ వారమే, "అక్టోబరు నుంచి మీ దగ్గర ఏదో వదులైందని తెలిసి విచారిస్తున్నాను. బిగించడంలో నా చేతనైన సాయం చేస్తాను" అని ఇంగ్లీషులో రాసి పోస్టు చేశాను.

ఈసారి జవాబు ఇంగ్లీషులో వచ్చింది. వదులైనదేమీ లేదట. అక్టోబరు నుంచి పరిశోధకుడి ఉద్యోగం ఒకటి ఖాళీ ఉందట. జీతం విశ్వవిద్యాలయం ఇస్తుందట. ప్రయోగశాలను బాగుచేస్తానని రాసిన అభ్యర్థి ఇంతవరకు లేరు కాబట్టి అది నాదేనట. అయితే వచ్చేలోగా జర్మన్ నేర్చుకోవాలట.

హెడ్ గారు ఉత్తరం రెండుసార్లు చదివి, "చదువుకున్నందుకు ఎదురు జీతమా? ఇదేదో మోసమమ్మా" అన్నారు. అమ్మ మాత్రం చర్చిలో సాక్ష్యం చెప్పింది. దేవుడు తన కూతుర్ని స్వీడన్ పంపిస్తున్నాడని. స్వీడన్ కాదు, స్విట్జర్లాండని నేను సరిదిద్దితే, "ఆయనకు తెలుసులేవే" అంది.

వెళ్ళాను. మొదటి ఆరు నెలలు ఎవరేమన్నా తలూపాను. ఒకసారి అలాగే తలూపి, ఒక ఆదివారమంతా ఎవరిదో పిల్లిని చూసుకున్నాను. ఆ దేశంలో చెరకు పండదన్న సంగతి చేరాకగాని నాకు తట్టలేదు. నాకు ఆపిల్ చెట్ల తెగులు అప్పగించారు. అంతకు ముందు నేను ఆపిల్ చెట్టును కళ్ళతో చూసి ఎరగను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఐదేళ్ళకు డాక్టరేటు వచ్చింది.